ఆర్డిస్ పెరట్లోని టిప్పర్ బండి

ఒర్లిన్ స్టెన్స్‌రుడ్ ఒక బండి మీద మనసు పడి పదకొండేళ్ళయింది. ఆ పదకొండేళ్ళలో ఒక్కసారైనా ఆ మాట నోరు తెరిచి అన్నాడా అంటే, అనలేదు. అమెరికాలోని మా మిన్నెసోటాలో, అందులోనూ నార్వే నుంచి వలస వచ్చిన మా వాళ్ళ పల్లెల్లో, తనకు కావలసింది నేరుగా అడిగేవాణ్ణి ఎవరూ మనిషిగా లెక్కపెట్టరు.

బండి ఏమంత గొప్పది కాదు. తోటపనికి వాడే బుల్లి ట్రాక్టరు వెనక తగిలించుకునే రెండు చక్రాల ఇనప తొట్టి. లివరు లాగితే తొట్టి ముందుభాగం పైకి లేచి, ఉన్న సరుకంతా వెనక్కి జారిపోతుంది. ప్రెయిరీ కింగ్ కంపెనీ 1962లో తయారు చేసింది. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. దాని ట్రాక్టరు ఒర్లిన్ షెడ్డులో తళతళలాడుతూ ఉంది. జతగా రావలసిన బండి మాత్రం ఎదురింటి ఆర్డిస్ పెరట్లో, కోళ్ళగూడు పక్కన, చక్రాలు సగం నేలలో కూరుకుపోయి ఉంది. జిల్లా మొత్తం గాలించినా అలాంటిది ఇంకోటి దొరకలేదు. ఆర్డిస్ ఆ బండిలో పెటూనియా పూలు పెంచుతోంది.

ఇనప తొట్టిలో తడి మన్ను! పైనుంచి రోజూ నీళ్ళు! అది చూసినప్పుడల్లా ఒర్లిన్, ఎదురింట్లో పసిపిల్లను ఎండలో వదిలేసినట్టు బాధపడేవాడు. పైకి మాత్రం, “పూలు బాగా పూశాయి ఆర్డిస్,” అనేవాడు.

ఈ బాధకు ఆగస్టు నెల ఆజ్యం పోసేది. ఆగస్టు ఆఖరి శనివారం మా ఊరి మైదానంలో పాత యంత్రాల జాతర జరుగుతుంది. బుల్లి ట్రాక్టర్లన్నీ తమ తమ సొంత బండ్లను లాక్కుంటూ ఊరేగింపుగా వస్తాయి. జనం కూర్చున్న మెట్ల ముందు ఆగి, మైకులో కేక వినపడగానే అందరూ ఒకేసారి లివర్లు లాగి సరుకు దించుతారు. ఏ జత అసలు రూపంలో ఉండి చక్కగా పనిచేస్తే దానికి మొదటి బహుమతిగా నీలం రిబ్బను. బండి లేని ట్రాక్టర్లు ఊరేగింపు చివర్లో, గుర్రాల వెనక నడవాలి. గుర్రాల వెనక నడవడమంటే చక్రాలకు ఏం అంటుకుంటుందో వేరే చెప్పాలా? ఒర్లిన్ ఆరేళ్ళుగా అక్కడే నడుస్తున్నాడు. మైకు పట్టుకునే హార్లన్ ఒర్లిన్‌తో కలిసి చదువుకున్నవాడు, కాబట్టి జాలీ దయా ఏమీ లేవు.

“అదుగో మన ఒర్లిన్! ఈ ఏడూ పెళ్ళికూతురు దొరకలేదు పాపం!” అనేవాడు. జనం ఘొల్లుమనేవారు. ఒర్లిన్ కూడా నవ్వేవాడు, ఇంటికెళ్ళాక రెండు రోజులు తిండి సహించేది కాదు.

ఇలా లాభం లేదనుకుని ఏడో ఏడు ఏప్రిల్లో, మంచు కరిగి నేల కనపడగానే, ఆర్డిస్ ఇంటికి కాఫీకి వెళ్ళాడు. ముప్పావుగంట వాన గురించి మాట్లాడాడు. తర్వాత కిటికీలోంచి పెరట్లోకి చూశాడు.

“గట్టి బండి అది. అప్పట్లో ఇనుము ఇనుములా ఉండేది,” అన్నాడు.

“ఆఁ, ఉండేది,” అంది ఆర్డిస్. డెబ్బై దాటిన మనిషి. భర్త టిల్ఫర్డ్ పోయి పన్నెండేళ్ళయింది. మాట తక్కువ, కాఫీ ఎక్కువ.

“ఈ కాలంలో అలాంటిది కనపడదు.”

“కనపడదు.”

“చక్రాలు కూడా అసలువే అనుకుంటా.”

మూడు సార్లు మెచ్చుకున్నాక ఇక ఆమె చేతిలో ఏముంది? ఇంటికొచ్చినవాడు మూడు సార్లు మెచ్చుకున్న వస్తువును తీసుకుపొమ్మనకపోతే మా వైపు పరువు తక్కువ.

“అంత నచ్చితే పట్టుకెళ్ళు,” అంది.

“అయ్యో, అదేం మాట! వద్దు వద్దు.”

“పడి ఉందిగా, పట్టుకెళ్ళు.”

“నీ పూలు ఉన్నాయిగా. వద్దులే.”

ఇక్కడ ఆర్డిస్ కాసేపు కాఫీ కప్పు లోపలికి చూసింది. మూడోసారి అడగకుండా ఆగిపోతే మొదటి రెండు సార్లూ ఉత్తుత్తికే అన్నట్టవుతుంది. “పూలదేముంది. పట్టుకెళ్ళు,” అంది.

మూడు! ఒర్లిన్ లెక్క తప్పలేదు. “సరే మరి, నువ్వంతగా చెప్తుంటే,” అన్నాడు. కాఫీ కప్పులోకి చూసిన ఆ కాసేపటిని మాత్రం లెక్కలో వేసుకోలేదు.

మర్నాడే బండి షెడ్డుకు చేరింది. లివరు తుప్పుపట్టి బిగుసుకుపోవడంతో మన్నంతా పారతో తోడి పోయాల్సి వచ్చింది. నల్లటి మన్ను, చేత్తో పిండితే ముద్దయ్యేంత సారమున్నది. అది చూసి ఒర్లిన్ భార్య వెర్నా కళ్ళు మెరిశాయి. గరాజు వెనక పోయించుకుని, మే నెలాఖర్లో అందులో తొమ్మిది టమాటా మొక్కలు నాటింది.

ఒర్లిన్ సంగతి ఇక అడక్కండి. పొద్దున కాఫీ తాగి షెడ్డులోకి వెళ్ళినవాడు మధ్యాహ్నం భోజనానికి మూడుసార్లు పిలిస్తే గానీ వచ్చేవాడు కాదు. బోల్టులన్నిటికీ తుప్పు వదిలించే నూనె పోసి వారం నానబెట్టాడు. వైర్ బ్రష్‌తో గీకాడు, ఉప్పుకాగితంతో రుద్దాడు. తొట్టి అడుగు జల్లెడలా అయిపోతే ఆ మేరకు కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేశాడు. సొట్టలను లోపలినుంచి చెక్క సుత్తితో, పాపం దానికి నొప్పెడుతుందేమో అన్నంత మెల్లగా కొట్టి తీశాడు. లివరు బిగింపు విప్పితే దాని కింద గోరంత మేర అసలు రంగు కనపడింది. ఎండ తగలని, వాన తగలని, ముప్పై ఏడేళ్ళ నాటి పసుపు!

“వెర్నా! ఇలా రా! వెన్న రంగు!” అని అరిచాడు.

“వెన్న ఫ్రిజ్‌లో ఉంది,” అంది వెర్నా వంటింట్లోంచి.

ఆ వెన్న ముక్కనే కాగితంలో చుట్టుకుని రంగుల కొట్టుకు వెళ్ళాడు. కొట్టువాడు కలిపిన మొదటి రంగు స్కూలు బస్సులా ఉందన్నాడు. రెండోది అరటిపండులా ఉందన్నాడు. మూడోది కలిపేసరికి వెన్న కరిగి కౌంటరు మీద కారింది. అయినా రంగు మాత్రం కుదిరింది. మూడు పూతలు వేశాక ఒర్లిన్ వేలితో లివరును ఇలా తాకితే చాలు, తొట్టి ఒళ్ళు విరుచుకుంటున్నట్టు లేచి, చప్పుడు లేకుండా దిగేది. రోజుకు నలభై సార్లు లేపి దించి చూసుకునేవాడు. ఆ తొట్టిలో జన్మలో మన్ను అనేది పడనివ్వనని ఒట్టు పెట్టుకున్నాడు.

జూన్ రెండోవారంలో పళ్ళెం వచ్చింది.

బండి ఇచ్చినందుకు వెర్నా ఆర్డిస్‌కు రూబార్బ్ అనే పుల్లటి కాడలతో కేకు చేసి పంపింది. ఆ కేకు పళ్ళెం అడుగున ‘వెర్నా ఎస్.’ అని రాసిన టేపు అంటించి ఉంటుంది. మా వైపు ప్రతి పళ్ళేనికీ ఉంటుంది. ఆ పళ్ళెం ఇప్పుడు వరండాలో కుర్చీ మీద ఉంది. శుభ్రంగా తోమి, తుడిచి, అద్దంలా మెరుస్తూ, ఖాళీగా.

వెర్నా పళ్ళెం కేసి చూసి అక్కడే కూలబడింది. “ఒర్లిన్,” అంది, “ఆమెను నువ్వేం చేశావ్?”

“నేనేం చేశాను?”

“పళ్ళెం ఖాళీగా పంపింది!”

“కడిగి పంపిందిగా.”

“కడిగి పంపింది! నలభై ఏళ్ళలో ఆ ఇంటి నుంచి ఖాళీ పళ్ళెం ఎప్పుడైనా వచ్చిందా? మొగుడు పోయిన వారం కూడా అందులో ఆరు కుకీలు పెట్టి పంపింది మహాతల్లి! ఏం చేశావో చెప్పు!”

చెప్పడానికి ఒర్లిన్‌కు ఏమీ తెలియదు. కానీ ఖాళీ పళ్ళెం అంటే ఏమిటో మాత్రం తెలుసు. ఇదే ఇంకోచోటైతే వీధిలో నిలబడి తిట్టిపోసేవాళ్ళు, రాళ్ళేసేవాళ్ళు. మాకు అంత ఓపిక లేదు.

ఏం జరిగిందో అడగడానికి ఇద్దరూ కలిసి, రోడ్డు దాటితే వచ్చే ఇల్లే అయినా మర్యాదగా కారెక్కి, ఆర్డిస్ ఇంటికి వెళ్ళారు. అడిగారా? రెండు గంటలు కూర్చున్నారు. మొక్కజొన్న ఎంత ఎత్తు వచ్చిందో మాట్లాడారు, చర్చి కింది హాల్లో కొత్త పొయ్యి గురించి మాట్లాడారు. సోఫాలో కూర్చున్నంతసేపూ ఎవరూ అసలు సంగతి ఎత్తలేదు. మా వాళ్ళకు నిజం ఇంటి లోపల నోట్లోంచి రాదు. వీడ్కోలు చెప్పి, గుమ్మం దగ్గర ఇంకో పావుగంట నిలబడి, కారెక్కి, తాళం తిప్పాక వస్తుంది. ఆర్డిస్ కారు దాకా వచ్చి, ఒర్లిన్ వైపు కిటికీ మీద చెయ్యి వేసింది.

“బండి బాగా కుదిరిందట,” అంది.

“పర్లేదు,” అన్నాడు ఒర్లిన్. మూడు పూతల వెన్న రంగును పర్లేదు అనడం అతని ప్రాణానికి ఎంత కష్టమో దేవుడికే తెలియాలి.

“మన్ను కూడా తీసేశావా?”

“తీసేశాను. తియ్యకపోతే రేకు…”

“ఆఁ. రేకు పోతుంది.” ఆమె రోడ్డు వైపు చూసింది. “అది టిల్ఫర్డ్ తెచ్చాడు. నా టమాటా మడికని వాగు ఒడ్డు నుంచి తవ్వి తెచ్చాడు. బండి అక్కడ ఆపి, కాఫీ తాగొచ్చి దించుతానన్నాడు. కాఫీ తాగుతూ కుర్చీలోనే పోయాడు. సరే, జాగ్రత్తగా వెళ్ళండి, రోడ్డు మీద లేళ్ళు తిరుగుతున్నాయి.”

ఒర్లిన్ దిగి తాళం వెర్నాకు ఇచ్చేశాడు. ఎదురుగా ఉన్న ఇంటికి ఆమే నడిపింది. పన్నెండేళ్ళుగా ఆర్డిస్ ఆ మన్నును కదపలేదు. ఊరికే చూస్తూ ఉండలేక పైన పూలు పెట్టుకుంది. తాను పారతో తోడిపారేశాడు. వీపు నొప్పెడుతోందని ఆ రోజు గొణిగాడు కూడా.

“మొదటిసారే వద్దని చెప్పొచ్చుగా!” అన్నాడు.

“ఎలా చెబుతుంది?” అంది వెర్నా. “నువ్వు మూడుసార్లు మెచ్చుకుంటివి.”

ఇంటికి రాగానే వెర్నా గరాజు వెనక్కి వెళ్ళి, తొమ్మిది టమాటా మొక్కలనూ పీకి బకెట్లో పెట్టింది. అప్పటికే పూత మీద ఉన్నాయి. ఒర్లిన్ షెడ్డులోంచి ప్లాస్టిక్ పట్టా తెచ్చాడు.

“అదెందుకు?”

“తొట్టిలో పరిచి, దాని మీద మన్ను పోస్తే రంగు…”

“ఆమె మొగుడి మన్ను కింద పట్టా పరుస్తావా?” అంది వెర్నా.

పట్టా షెడ్డుకు వెళ్ళిపోయింది. ఒర్లిన్ ఒక్కో పార మన్నూ తన వెన్న రంగు తొట్టిలో పోశాడు. గులకరాళ్ళు రంగు మీద గీసుకుంటూ జారుతుంటే ఒక్కోదానికీ కళ్ళు మూసుకున్నాడు. పారకు రానిది చేత్తో ఎత్తాడు, చివరికి చీపురు తెచ్చి ఊడ్చాడు. తర్వాత బండిని ట్రాక్టరుకు తగిలించి ఆర్డిస్ పెరట్లోకి తీసుకెళ్ళాడు. బండి తిరిగిచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వకూడదు కదా, మన్ను పైన రెండు డజన్ల పెటూనియా నారు కూడా పెట్టాడు.

ఆర్డిస్ తలుపు తీసి చూసింది. “ఇదెందుకు తెచ్చావ్? నీకిచ్చేశాను కదా,” అంది.

“నీ దగ్గరే ఉండాలి.”

“వద్దు ఒర్లిన్. నువ్వు కష్టపడి బాగుచేసుకున్నావు.”

రెండు. ఒర్లిన్ లెక్కపెట్టాడు. మనిషి మంచివాడే గానీ దేవుడు కాదు. మూడోసారి కూడా వద్దంటుందేమో, తన తప్పేమీ లేకుండా బండి మిగిలిపోతుందేమో అని లోపల ఒక వెధవ ఆశ. “ఉంచుకో ఆర్డిస్,” అన్నాడు.

“సరే మరి, నువ్వంతగా చెప్తుంటే,” అంది ఆర్డిస్.

అలా బండి మళ్ళీ కోళ్ళగూడు పక్కకు చేరింది. ఒర్లిన్ గుర్రాల వెనక నడవడానికి మనసు గట్టి చేసుకున్నాడు.

ఆగస్టు మూడోవారంలో ఆర్డిస్ ఫోన్ చేసింది. పది నిమిషాలు ఎండల గురించి మాట్లాడి, పెట్టేయబోతూ అంది, “ఈసారి పూలు పర్లేదు. నలుగురు చూస్తే బాగుండును. శనివారం నీ ట్రాక్టరు ఎటూ అటు వెళ్తుందిగా.”

ఒర్లిన్ రెండుసార్లు వద్దన్నాడు. మూడోసారి ఫోన్లోనే తలూపాడు. అటునుంచి ఎలా కనపడిందో ఏమో, సరేనంది. లివరు లాగొద్దని ఆమె చెప్పలేదు. ఊరేగింపు చివర ఏం చేస్తారో ఆమెకు తెలుసు. వద్దు అని చెప్పడమే ఆమెకు రాదు.

శనివారం నాడు ఒర్లిన్ గుర్రాల ముందు నడిచాడు. ఎర్ర ట్రాక్టరు, వెన్న రంగు బండి, అంచులు దాటి వేలాడే ఊదారంగు పూలు. మెట్ల మీద జనం లేచి నిలబడ్డారు. హార్లన్ మైకులో ఒక్క క్షణం తడబడ్డాడు.

“ఒర్లినూ! పెళ్ళికూతురు దొరికిందిరోయ్!” అని అరిచాడు. “తలనిండా పూలతో వచ్చింది!”

బండ్లన్నీ వరసగా ఆగాయి. పదిహేడు జతలు. ఒక దానిలో కంకర, ఒక దానిలో గుమ్మడికాయలు, హార్లన్ తమ్ముడి బండిలో కట్టెలు. నీలం రిబ్బను పట్టుకుని హార్లన్ కిందికి దిగాడు. అతని కళ్ళు ఒర్లిన్ బండి మీదే ఉన్నాయి, అందరి కళ్ళూ దాని మీదే ఉన్నాయి. రెండో మెట్టు మీద వెర్నా పక్కన కూర్చున్న ఆర్డిస్ చేతిసంచి ఒళ్ళోకి లాక్కుని తలవంచుకుంది.

“ఎత్తండీ!” అన్నాడు హార్లన్.

పదహారు లివర్లు కదిలాయి. కంకర దుమ్ము లేచింది, గుమ్మడికాయలు మైదానమంతా దొర్లాయి. ఒర్లిన్ చెయ్యి లివరు మీద పెట్టి ఊరుకున్నాడు. వేలితో తాకితే లేచే తొట్టి. నలభై రోజులు నూనె పోసి, రుద్ది, దువ్వి లొంగదీసుకున్న లివరు.

“ఏమైందిరా?” అన్నాడు హార్లన్ మైకులోనే.

“బిగుసుకుపోయింది,” అన్నాడు ఒర్లిన్.

జనంలో గుసగుస. బాగుచేశానని చెప్పుకునేవాడి బండి బిగుసుకుపోవడం కంటే అవమానం మా వాళ్ళలో ఇంకోటి లేదు. పెళ్ళినాడు చర్చిలో ప్యాంటు జారినంత పని. వెంటనే ఎనిమిది మంది మగవాళ్ళు లేచి వచ్చారు. ఒకరి చేతిలో నూనె డబ్బా, ఒకరి చేతిలో సుత్తి, ఒకరి చేతిలో ఇంకా పెద్ద సుత్తి. ఎదుటివాడి యంత్రం మొరాయిస్తే మా ఊళ్ళో అంతకు మించిన పండగ లేదు.

“జరుగు, నేను చూస్తా,” అని హార్లన్ లివరు వైపు చెయ్యి చాపాడు.

“వద్దు,” అన్నాడు ఒర్లిన్.

హార్లన్ నవ్వాడు. మొదటి వద్దుకు అర్థం లేదని ఎవరికి తెలియదు? “పర్లేదు, ఒక్క దెబ్బ వేస్తే…”

“వద్దన్నాను!” ఒర్లిన్ ట్రాక్టరు దిగి, లివరుకు అడ్డంగా నిలబడ్డాడు. “దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు. దించను. నాకిష్టం లేదు.”

మైకు ఇంకా హార్లన్ చేతిలోనే ఉండటంతో ఆ మాట మైదానమంతా వినపడింది. దించను, నాకిష్టం లేదు! అరవై తొమ్మిదేళ్ళ మనిషి, ముందు నవ్వకుండా, తర్వాత క్షమించమనకుండా, అంత మొహమాటం లేని మాట బయట అనడం ఆ జిల్లాలో ఎవరూ వినలేదు. సుత్తులు కిందికి దిగాయి. ఎవరో దగ్గారు. నీలం రిబ్బను గుమ్మడికాయల బండికి వెళ్ళింది.

తిరిగి వచ్చేటప్పుడు ఒర్లిన్ బండిని ఆర్డిస్ పెరట్లోకి మళ్ళించాడు. వెర్నా ఆమెను అప్పటికే కార్లో దించి ఇంటికెళ్ళింది. కోళ్ళగూడు పక్కన ఆపబోతుంటే ఆర్డిస్ గుమ్మంలోంచి చెయ్యి ఊపింది.

“అక్కడ కాదు. ఇలా వెనక్కి తీసుకురా. మడి దగ్గరికి.”

తీసుకొచ్చాడు. పన్నెండేళ్ళుగా గడ్డి మొలిచిపోయిన టమాటా మడి అది.

“కాఫీ పెట్టాను, తాగు,” అంది. ఒర్లిన్ వద్దనబోయి, ఆమె మొహం చూసి, మెట్ల మీద కూర్చుని తాగాడు. కప్పు ఖాళీ చేసి పక్కన పెట్టాడు.

“ఎవరైనా వచ్చి దించేస్తారేమోనని ఇన్నేళ్ళూ భయంగా ఉండేది,” అంది ఆర్డిస్. “ఇవాళ నువ్వు అడ్డం నిలబడ్డావు. ఇక నాకు భయం లేదు. కాఫీ అయ్యాక దించుతానన్నాడు. అయిందిగా. దించు.”

“పూలు?”

“మళ్ళీ పాతుకుంటాను. బతికితే బతుకుతాయి.”

ఒర్లిన్ లివరును తాకాడు. తొట్టి చప్పుడు లేకుండా లేచింది. నల్లటి మన్ను పూలతో సహా మెల్లగా జారి, మడిలో కుప్పగా పడింది. ఆర్డిస్ కళ్ళు తుడుచుకుని, వంగి, తొట్టి అడుగు తడిమి చూసింది.

“బిగుసుకుపోయిందన్నావుగా,” అంది.

“అప్పుడు బిగుసుకుపోయింది,” అన్నాడు ఒర్లిన్.

ఆమె లోపలికి వెళ్ళి కేకు పళ్ళెం తెచ్చింది. అడుగున ‘ఆర్డిస్ కె.’ అని టేపు, లోపల నిండా ఇంకా పొగలు కక్కుతున్న ఆపిల్ కేకు. దాన్ని ఖాళీ తొట్టి మధ్యలో, గీతలు పడిన వెన్న రంగు మీద పెట్టింది.

“ఖాళీ బండి పంపకూడదు. తీసుకెళ్ళు,” అంది.

ఒక్కసారే అడిగింది. ఒర్లిన్ ఆ ఒక్కసారికే సరేనని ట్రాక్టరెక్కాడు.